ఆరో చీటీ

ఆ సోమవారం పొద్దున లాండ్రీ షట్టరు ఎత్తగానే గచ్చు మీద రక్తం చుక్కలు కనిపించాయి.

ఒకటి కౌంటరు పక్కన. రెండోది ఇస్త్రీ బల్ల కింద. అక్కణ్ణుంచి మూరకొకటి చొప్పున వరసగా లోపలి గదిలోకి. ఆ గదిలో ఉతికి మడతపెట్టిన హోటలు దుప్పట్లు, అన్నీ తెల్లవి, నడుమెత్తున పేర్చి ఉన్నాయి. చుక్కలు నేరుగా వాటివైపే వెళ్ళాయి.

చెప్పులు విడిచి, చుక్కల్ని తొక్కకుండా పక్కపక్కనే నడిచాను. దుప్పట్లకు జానెడు దూరంలో చుక్కలు ఆగిపోయాయి. అక్కడ తన పాత తువ్వాలు మీద మా కుక్క లవంగం పడుకుని ఉంది. నన్ను చూసి తోక రెండుసార్లు నేలకేసి కొట్టి, మళ్ళీ తన పనిలో పడింది. వెనకభాగాన్ని బహు శ్రద్ధగా నాక్కుంటోంది.

ఆడదాన్ని కాబట్టి సంగతి బోధపడటానికి ఎంతోసేపు పట్టలేదు. దెబ్బ కాదు, గాయం కాదు. ఊపిరి పీల్చుకున్నాను. ఆ వెంటనే బకెట్టు కోసం పరుగెత్తాను. మామూలుగా నాకంటే ముందు కిందికి దిగేది మామయ్యగారే. ఆ రోజు మోకాలు పట్టేసి ఆలస్యమైంది. మెట్ల మీద ఆయన అడుగుల చప్పుడు వినిపించేలోగా గచ్చు అద్దంలా ఉండాలి.

ఎందుకంటే లవంగం మా ఇంట్లో ఉంటున్నది ఒక షరతు మీద.

అప్పటికి ఎనిమిది నెలల కిందట అది మా బాయిలరు గది వెనక నడుం విరిగి దొరికింది. ఏ బండో తగిలి ఉంటుంది. పిడికెడు కుక్క. సన్నటి ఒళ్ళు, ఆ ఒంటికి పెద్దదనిపించే తల, నల్లటి రంగు. నేను తువ్వాల్లో చుట్టి లోపలికి తెస్తే, మామయ్యగారు తొట్టిలోంచి తల ఎత్తకుండానే తీర్పు చెప్పారు.

"అమ్మాయ్, ఇది లాండ్రీ."

"తెలుసు మామయ్యా."

"కుక్కకీ తెల్లదుప్పటికీ పొసగదు. ఉంచుకుంటానంటే ఉంచుకో. కానీ దాని వల్ల కస్టమరు బట్ట మీద ఒక్క మరక పడిందంటే ఆ రోజే బయటికి. తరవాత నువ్వు ఏడ్చినా లాభం లేదు. నేను మాటంటే మాటే."

"అది మాకు పుట్టినప్పటినుంచీ తెలుసు" అన్నాడు మా ఆయన, మూటలు వ్యాన్‌లోకి ఎక్కిస్తూ.

మామయ్యగారు నలభై ఏళ్ళుగా మరకలు తీస్తున్నారు. సిరా, తుప్పు, ఇంజనాయిలు, పిల్లలు పూసుకొచ్చిన బంక, ఏదైనా సరే. వీధిలో ఆయన్ని మరకల డాక్టరంటారు. అయితే నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఆయన నాకు నేర్పిన మొదటి పాఠం వేరు. ఒక చొక్కా కాలరు మీద ఏదో చూసి నేను కిసుక్కున నవ్వితే, ఆ చొక్కా నా చేతిలోంచి తీసుకుని మెల్లగా అన్నారు: "జనం తమ గుట్టంతా మూటకట్టి మన చేతిలో పెడతారమ్మాయ్. బట్ట మీద ఏం చూశామో బయట అనకూడదు. ఉతికేశాక మనలో మనం కూడా అనుకోకూడదు."

ఈ మాట మీరు గుర్తుపెట్టుకోండి. పెట్టుకోవలసిన రోజుల్లో నేను పెట్టుకోలేదు.

గచ్చు కడగడం అయింది. లవంగం తువ్వాలు మాత్రం నానబెట్టాలి. రక్తానికి చన్నీళ్ళు, ఉప్పు. వేడినీళ్ళు తగిలితే మరక దారంలోకి పాకి కూచుంటుంది. తొట్టి పక్కనున్న ఉప్పుడబ్బా అందుకుంటే తేలిగ్గా పైకి లేచింది. ఖాళీ. బుధవారం నేనే నిండుగా పోసిన డబ్బా.

అప్పుడే దిగిన మామయ్యగారిని, "ఉప్పేమైంది మామయ్యా?" అని అడిగాను.

"అయిపోయింది" అన్నారు.

వానాకాలం, పని ఎక్కువ. అయిపోయి ఉంటుందనుకున్నాను.

పశువుల ఆస్పత్రిలో డాక్టరమ్మ లవంగాన్ని బల్ల మీద నిలబెట్టి రెండు నిమిషాల్లో తేల్చేసింది.

"ఎదకు వచ్చింది. మూడు వారాలుంటుంది. మొదటి వారం మగకుక్కలు వెంటపడతాయి కానీ ఇది దగ్గరికి రానివ్వదు, మీదికెళ్ళి కరుస్తుంది. ఎనిమిదో రోజు దాటాక దీని మనసు మారుతుంది. అక్కణ్ణుంచి పదహారు, పదిహేడు దాకా కళ్ళల్లో వత్తులేసుకుని చూసుకోవాలి. ఇంకోటి విను. మరక ఎరుపు తగ్గి పలచబడగానే అయిపోయిందిలే అని వదిలేస్తారు జనం. అసలు గండం అప్పుడే."

"ఆపరేషనేదో ఇప్పుడే చేసెయ్యకూడదా డాక్టరమ్మా?" అన్నాడు మా ఆయన.

"ఎదలో కోస్తే రక్తం ఎక్కువ పోతుంది. ఇదంతా అయ్యాక రెండు నెలలకి తీసుకురండి." ఆవిడ లవంగం నడుం మీద నా వేళ్ళు పట్టుకుని ఆనించింది. "ఇక్కడ చూడు. అప్పుడు విరిగిన ఎముక వంకరగా అతుక్కుంది. పిల్ల బయటికి రావలసిన దారి సగానికి సగం మూసుకుపోయింది. దీనికి కడుపొచ్చిందంటే, నొప్పులు మొదలైన రోజే ప్రాణం మీదికొస్తుంది. తెలిసిందా?"

"తెలిసింది."

"ఏ రోజు మొదలైంది?"

"ఇవాళ పొద్దున."

"గట్టిగా చెప్పగలవా? నిన్నో మొన్నో కాదు కదా?"

నాకు కాస్త పౌరుషం వచ్చింది. "మాది లాండ్రీ డాక్టరమ్మా. మా కంటపడకుండా మరక ఎక్కడికి పోతుంది?"

ఆవిడ నవ్వి, కాగితం మీద ఆ రోజు తేదీ వేసింది.

ఇంటికొచ్చాక మామయ్యగారికి చెప్పక తప్పలేదు. ఇస్త్రీపెట్టె కేసి చూస్తూ చెప్పాను. ఆయన కూడా తొట్టి కేసి చూస్తూ విన్నారు.

"బట్ట మీద పడిందా?"

"లేదు మామయ్యా. జానెడు దూరంలో ఆగింది."

"అయితే సరే. ఎన్నాళ్ళట?"

"ఇవాళ్టితో మొదలు. ఇరవై ఒక్క రోజులు. మొదటి వారం ఫరవాలేదట. ఎనిమిది నుంచి మాత్రం గడప దాటనివ్వకూడదట. కడుపొస్తే బతకదంది."

మామయ్యగారు ఏదో అనబోయారు. చేతిలో సబ్బు జారి తొట్టిలో పడింది. దాన్ని వెతుక్కుంటూ ఊరుకున్నారు.

మా పద్ధతిలో మేం లెక్క పెట్టాం. బట్టలకు కట్టే నంబరు చీటీలు ఉంటాయి కదా, తెల్లవి మామూలుకి, ఎర్రవి అర్జంటుకి. ఒకటి నుంచి ఇరవై ఒకటి దాకా దారానికి గుచ్చి ఇస్త్రీ బల్ల పైన మేకుకు వేలాడదీశాను. ఎనిమిది నుంచి పదిహేడు దాకా ఎర్రచీటీలు. రోజుకొకటి తెంపి డబ్బాలో వెయ్యడం.

రెండోరోజుకల్లా వీధికి కబురందింది. షట్టరు ముందు మూడు కుక్కలు. మూడోరోజుకి ఆరు. వాటిలో పెద్దది ఎదురుగా బేకరీ బాబాయ్ పెంచే రస్కు. కాల్చిన రొట్టె రంగు, వంకర చెవి, మీదికి రాని మంచితనం. మిగతావన్నీ కొట్లాడుకుంటుంటే అది మాత్రం మెట్టు మీద గడ్డం ఆనించి, మా షట్టరు కేసి చూస్తూ నిట్టూర్చేది.

"మా వాడు తిండి మానేశాడమ్మా. బన్ను పెట్టినా మొహం తిప్పుకుంటున్నాడు" అన్నాడు బేకరీ బాబాయ్.

"మంచి సంబంధం చూసి చెయ్యి బాబాయ్. మా పిల్లని మాత్రం అడక్కు."

"అడిగితే ఇస్తారా ఏంటి, అంత పెద్ద లాండ్రీ వాళ్ళు."

పాత దిండుగలీబులు కత్తిరించి లవంగానికి అయిదు నిక్కర్లు కుట్టాను, తోకకి రంధ్రం పెట్టి, నడుందగ్గర బొత్తాలతో. మొదటిది తొడిగితే అది కొయ్యబొమ్మలా బిగుసుకుపోయి పావుగంట నిలబడింది. తరవాత వెనక్కి తిరిగి, అది ఎవరిదో అన్నట్టు వాసన చూసింది. మా ఆయన నవ్వి నవ్వి మూటమీద కూలబడ్డాడు. ఆ నవ్వు సాయంత్రానికి దిగిపోయింది. లవంగాన్ని ఆస్పత్రికి తీసుకెళ్ళిన వ్యానుకు వాసన పట్టి, ఆయన ఎక్కడ బట్టలివ్వడానికి ఆగినా చుట్టూ నాలుగు కుక్కలు చేరుతున్నాయట. "ఆ హోటలు మేనేజరు నన్నే అనుమానంగా చూస్తున్నాడే" అన్నాడు.

నిక్కర్లు ఉతకబోతే మామయ్యగారు నా చేతిలోంచి తీసుకున్నారు.

"చన్నీళ్ళలో నీకు వేళ్ళు కొంకర్లు పోతాయి. ఇలా తే."

"మీరెందుకు మామయ్యా, కుక్కవి."

"మరకకి కుక్కదీ మనిషిదీ ఏముంది" అని వెనక్కి తిరిగిపోయారు.

నాకు ఎంత ముచ్చటేసిందో. ఎనిమిది నెలల్లో ఆయన దాన్ని పేరుపెట్టి పిలిచింది లేదు. 'అది' అంటారు. టీ తాగేటప్పుడు ఆయన చేతిలోంచి బిస్కట్టు ముక్క రోజూ కింద పడటం మాత్రం నేను గమనించేదాన్ని. నలభై ఏళ్ళలో గుండుసూది జారవిడవని చెయ్యి అది.

శనివారం. ఆరో చీటీ. తెల్లారినప్పటినుంచీ ముసురు. హోటలు వాళ్ళు అర్జంటని పోరుతున్నారు, ఆరేసినవి ఆరడంలేదు, ఇస్త్రీపెట్టెతోనే తడి లాగేస్తున్నాను. లవంగం తలుపు దగ్గర నిలబడి మూలుగుతోంది. బయటికి తిప్పాలి.

"నేను తీసుకెళ్తాలే" అన్నారు మామయ్యగారు.

నేను ఇస్త్రీపెట్టె నిలబెట్టి మరీ చూశాను. ఆయన అప్పటికే తాడు అందుకున్నారు. గొడుగు చంకలో పెట్టుకుని, నిక్కరు విప్పి, వెనక సందులోంచి బయల్దేరారు. ముందు మామయ్యగారు, వెనక లవంగం, ఎవరి ఠీవి వాళ్ళది.

అరగంట తరవాత తిరిగొచ్చారు. ఆయన తల నుంచి పాదాల దాకా ముద్దగా తడిసిపోయారు. లవంగం మీద ఒక్క చుక్క పడలేదు.

"ఇదేంటి మామయ్యా?"

"బేకరీ దగ్గర జల్లు పట్టుకుంది. ఆగాం" అన్నారు. అంతే. తువ్వాలు భుజాన వేసుకుని మేడెక్కిపోయారు. టీకి దిగలేదు.

మర్నాడు బేకరీ బాబాయ్ రొట్టెల గుడ్డలు ఉతుక్కి వేస్తూ, "మీ మామయ్యంత ఓపిగ్గా గొడుగు పట్టేవాళ్ళని నేను చూళ్ళేదమ్మా" అన్నాడు. నాకూ గర్వంగానే అనిపించింది. "కుక్కంటే ప్రాణం, పైకి అనరు" అన్నాను. ఆయన నా మొహంలోకి చూసి, ఏదో అడగబోయి, మానేసి వెళ్ళిపోయాడు.

సోమవారం నుంచి ఎర్రచీటీలు. లవంగాన్ని మేడ మీద ఆరవేసే గదికి మార్చాం. గడియ, తాళం, తాళంచెవి నా బొడ్లో. మెట్లు రోజుకు రెండుసార్లు ఫినాయిలుతో కడిగాం. బయటికి తిప్పడం లేదు, డాబా మూల ఇసుక పోసి అక్కడే. కింద కుక్కలు తొమ్మిదయ్యాయి. లవంగం తలుపు కింది సందులో ముక్కు పెట్టి రాగాలు తీసేది. ఆ తలుపుకు అడ్డంగా మామయ్యగారు కుర్చీ వేసుకుని, తెగిన బొత్తాలన్నీ ఒళ్ళో పోసుకుని కుట్టేవారు. భోజనం కూడా అక్కడికే. ఇంత కాపలా కాస్తున్నారని నేను మురిసిపోయాను.

ఇరవై ఒకటో చీటీ తెంపిన రోజు వీధంతా ఖాళీ. తొమ్మిదిమంది పెళ్ళికొడుకులూ ఎవరి దారి వాళ్ళు చూసుకున్నారు. రస్కు బన్ను తిన్నాడట. మా ఆయన దారాన్ని లవంగం మెడలో వేసి, "గెలిచావే" అన్నాడు.

గెలిచామనే అనుకున్నాం ఆరువారాల దాకా.

లవంగం ఒళ్ళు చేసింది. మామయ్యగారు రోజూ ఉడికించిన గుడ్డు పెడుతున్నారు. దాచుకోకుండా, మా ఎదుటే. గుడ్ల వల్లేలే అనుకున్నాం. తరవాత షాపులో చేతి తువ్వాళ్ళు మాయం కావడం మొదలైంది. ఒకరోజు రెండు, మర్నాడు మూడు. మా ఆయన్ని అనుమానించాను. కస్టమర్లని అనుమానించాను. శుక్రవారం మెట్ల కింద చీపురు కోసం వంగితే, పదకొండు తువ్వాళ్ళు గుండ్రంగా గూడులా పేర్చి, మధ్యలో లవంగం కూచుని ఉంది. నన్ను చూసి తోక ఊపలేదు. పళ్ళు చూపించింది.

తువ్వాళ్ళతో సహా ఎత్తుకుని పశువుల ఆస్పత్రికి పరుగెత్తాను.

డాక్టరమ్మ స్కానింగు తెర మీద రెండు వెన్నెముకలు చూపించింది. దారానికి గుచ్చిన ముత్యాల్లా ఉన్నాయి. చూడ్డానికి అందంగా ఉన్నాయి, అదే బాధ.

"ఎప్పుడో చెప్పు" అంది. ఆవిడ గొంతులో కోపం లేదు, తొందర ఉంది. "కలిసిన రోజు నుంచి అటూ ఇటూగా అరవైమూడు రోజులు. నొప్పులు రాకముందే కోసి తియ్యాలి. మరీ ముందు కోస్తే పిల్లలు దక్కవు. నొప్పులొచ్చాక కోస్తే తల్లి దక్కదు. ఈ దశలో స్కానింగు చూసి రోజు చెప్పలేను, వారం అటో ఇటో పోతుంది. నాకు తేదీ కావాలి."

"మేం ఎక్కడా వదల్లేదు డాక్టరమ్మా."

"ఎక్కడో వదిలారు. ఎనిమిదికీ పదిహేడుకీ మధ్య. ఇంటికెళ్ళి కనుక్కో. ఇవాళే ఫోన్ చెయ్యి."

సాయంత్రం షాపు కట్టే వేళకి షట్టరు సగం దించాను. చీటీల డబ్బా బల్ల మీద బోర్లించి, ఎర్రచీటీలు వరసగా పేర్చాను. ఒకవైపు మా ఆయన, ఇంకోవైపు మామయ్యగారు. బల్ల కింద తువ్వాళ్ళ మీద లవంగం, ఒళ్ళు మోసుకోలేక ఆయాసపడుతూ.

"నాకు దొంగ అక్కర్లేదు" అన్నాను. "తేదీ కావాలి. ఎవరేం చేసినా ఒక్క మాట అనను. ఇది బతకాలి."

వాన రేకుల మీద పడుతోంది. మా ఆయన పన్నెండో చీటీ వేలితో ముందుకు తోశాడు.

"ఇదే అయ్యుంటుంది."

"చెప్పు."

"ఆ శుక్రవారం నువ్వు స్నానానికెళ్తూ తాళంచెవి నాకిచ్చావు చూడు. పైకి మూట పట్టుకెళ్ళి, తలుపు దగ్గరగా వేసి కిందికొచ్చాను. తాళం మరిచిపోయాను. పది నిమిషాలు. నాన్న అప్పుడు కిందున్నాడు. మళ్ళీ వెళ్ళేసరికి డాబా మెట్ల మీద ఒక మచ్చలకుక్క. చీపురు విసిరితే పారిపోయింది. పైదాకా వచ్చిందో లేదో నాకు తెలీదే. చెబితే తిడతావని."

మాట ఇచ్చాను కాబట్టి ఏమీ అనలేదు. నిజానికి కోపం కంటే ఊరటే ఎక్కువగా అనిపించింది. తేదీ దొరికింది. పన్నెండో చీటీ, శుక్రవారం. వేళ్ళమీద లెక్కేశాను. ఇవాళ్టికి నలభై తొమ్మిది. ఇంకా సరిగ్గా రెండు వారాలుంది. అంతా సరిపోయింది. ఫోను తీసి డాక్టరమ్మ నంబరు నొక్కాను.

అవతల మోగుతుండగా మామయ్యగారు చెయ్యి చాచి నా మణికట్టు పట్టుకున్నారు. పదేళ్ళలో ఆయన నన్ను తాకింది అదే మొదటిసారి. చల్లగా ఉంది చెయ్యి, ఎప్పుడూ నీళ్ళలో ఉండే చెయ్యి.

"పెట్టెయ్ అమ్మాయ్" అన్నారు.

పెట్టేశాను.

ఆ తరవాత జరిగింది ముందే చెప్పేస్తాను, మీరు కంగారుపడకుండా. పన్నెండో చీటీ లెక్కతో కాక, ఆయన చెప్పిన రోజు లెక్కతో వచ్చే శుక్రవారానికి ఆపరేషన్ పెట్టారు. డాక్టరమ్మ బయటికొచ్చి, "ఇంకొక్క రోజు ఆగుంటే నా చేతుల్లో ఉండేది కాదు" అంది. తల్లీ రెండు పిల్లలూ క్షేమం. అదే కోతలో ఇక ఎదలూ గొడవలూ లేకుండా చేసేసింది. కాల్చిన రొట్టె రంగు పిల్ల ఇప్పుడు బేకరీలో ఉంటుంది, వాళ్ళ నాన్న దగ్గర. నల్లది నా కౌంటరు కింద. అది హోటలు దుప్పట్ల మీద ఇప్పటికి రెండుసార్లు పడుకుంది. తీర్పులేవీ వెలువడలేదు. నేనిది రాస్తుంటే లవంగం నా పాదాల మీద గడ్డం పెట్టుకుని నిద్రపోతోంది. వెనక తొట్టి దగ్గర నుంచి, "లవంగం, టీ వేళయింది" అని ఒక గొంతు పిలిస్తే తప్ప లేవదు.

ఇక ఆ సాయంత్రం ఆ గొంతు అన్న మాటలు. ఆయన అన్నవి అన్నట్టుగా రాస్తున్నాను.

"పన్నెండు కాదు. ఆరో చీటీ. శనివారం. ఇంకోటి, నీ ఆరు ఆరు కాదమ్మాయ్. పది.

"నువ్వు చుక్కలు చూసింది సోమవారం. అంతకు ముందు గురువారం పొద్దున నేను దిగేసరికి అది హోటలు దుప్పట్ల మీద పడుకునుంది. పైదాని మీద బొత్తామంత మరక. ఏం మరకో నాకొకళ్ళు చెప్పాలా. ఒక్క మరక పడితే ఆ రోజే బయటికి అన్నది నేను. మాటంటే మాటే అన్నదీ నేను. నువ్వు పైన పాలు కాస్తున్నావు. పిలిచి, దీన్ని పంపెయ్ అనాలి. నోరు తెరిచాను కూడా. అది దిగొచ్చి నా కాలి మీద గడ్డం పెట్టింది. దుప్పటి తొట్టిలో వేసేశాను. చన్నీళ్ళు, ఉప్పు. డబ్బా డబ్బా ఒంపేశాను. శుక్రవారం ఇంకో దుప్పటి. శని, ఆదివారాలు గచ్చు. సోమవారం మోకాలు పట్టెయ్యకపోతే అదీ నీ కంటపడేది కాదు.

"ఇవాళే మొదలైంది అని నువ్వన్నప్పుడు చెబుదామనుకున్నాను. ఉతికేసిన మరక గురించి మాట్లాడకూడదని నీకు నేర్పింది నేనే కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. సాకులే. సిగ్గేసింది. కుక్క కోసం మాట తప్పానని తెలిస్తే వీడు ఏడాదిపాటు నవ్వుతాడు.

"నిక్కర్లు నేనే ఉతుకుతున్నానా. నాలుగైదు రోజులకి రంగు పలచబడింది. అయిపోవస్తోందనుకున్నాను. డాక్టరమ్మ రంగు గురించి ఏమందో నిన్ను అడగలేదు. మరకల సంగతి నాకు తెలిసినంత ఆవిడకేం తెలుసులే అనుకున్నాను. అందుకే శనివారం తాడు పట్టుకున్నాను.

"బేకరీ వెనక పంచలో స్తంభానికి కట్టి లోపలికెళ్ళాను. దానికి బిస్కట్లు కొందామని. నా చేతిలోంచి రోజూ ముక్క జారిపడుతుందిగా, నువ్వు చూడనట్టు నటిస్తావు. ఆ రోజు ఏకంగా పొట్లం కొనిద్దామనుకున్నాను. బయటికొచ్చేసరికి ఆ రస్కుగాడు. లాగబోతే, వద్దండీ, ఆడదానికే దెబ్బ, అవే విడిపోతాయి అన్నాడు బేకరీ అతను. పావుగంట. పంచలోకి జల్లు కొడుతోంది. ఏం చెయ్యమంటావు. గొడుగు పట్టుకుని నిలబడ్డాను, ఇద్దరికీ.

"ఎవరికీ చెప్పొద్దని అతన్ని నేనే బతిమాలుకున్నాను. ఏమీ కాదులే, గుడ్ల వల్ల లావెక్కిందిలే అని ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చాను. ఇప్పుడు వీడు పన్నెండన్నాడు. నేను నోరు మూసుకుంటే నా పరువు నాకుంటుంది. దాని ప్రాణం దానికుండదు. డాక్టరమ్మకి శనివారమని చెప్పు. పొద్దున తొమ్మిదిన్నర.

"ఇక ఆ షరతు. మరక పడితే బయటికి అన్నాను. పడింది. ఎవరో ఒకరు వెళ్ళాలి కదా. నేను వెళ్తాను. కాకపోతే దాని ఆపరేషన్ అయ్యాక."